పెట్టుబడికి ఇల్లు కొంటున్నారా? ఇంటి రకాన్ని బట్టి విలువ లెక్కగట్టే పద్ధతి, అంచెలంచెలుగా

కోటి రూపాయలుంటే స్టాండలోన్ (విడిగా ఉన్న చిన్న అపార్ట్‌మెంట్) ఫ్లాట్ కొనాలా, గేటెడ్ కమ్యూనిటీలో కొనాలా, ఇంకొంచెం అప్పు చేసైనా ఇండిపెండెంట్ ఇల్లే కొనాలా అని చాలామంది అడుగుతున్నారు. ఏరియా గురించి చెప్పేవాళ్లు ఊరంతా ఉన్నారు. కానీ ఒకే వీధిలో పక్కపక్కనే ఉన్న రెండు ఇళ్లు పదేళ్ల తర్వాత ఎందుకు వేర్వేరు ధరలు పలుకుతాయో విడమర్చి చెప్పేవాళ్లు తక్కువ. ఈ గైడ్ దాని గురించే.

ఉదాహరణలు ఎక్కువగా హైదరాబాద్‌వి. విజయవాడ, విశాఖ, గుంటూరు, వరంగల్‌లో కొనేవాళ్లకూ పద్ధతి ఇదే. లెక్కల్లో నేను వేసిన గజం రేట్లు, అద్దెలు అర్థం కావడానికి అనుకున్నవి మాత్రమే, వాటి స్థానంలో మీ వీధి రేట్లు వేసుకోండి.

మొత్తం లెక్కకు మూలం ఒక్కటే: రేపు మీ దగ్గర కొనేవాళ్లు దేనికి డబ్బిస్తారో దానికే ఇవాళ మీరు డబ్బివ్వాలి.

1. ముందు మీకేం కావాలో తేల్చుకోండి

ఇల్లు రెండు రకాలుగా డబ్బు తెస్తుంది. ఒకటి నెలనెలా అద్దె, రెండోది అమ్మినప్పుడు వచ్చే పెరుగుదల. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం నేలదే. గోడలు, స్లాబు, టైల్స్, లిఫ్టు ఏటికేడు పాతబడేవే. బ్యాంకుల తరఫున విలువ కట్టే ఇంజనీర్లు కూడా ఆర్‌సీసీ కట్టడానికి మామూలుగా 60 ఏళ్ల ఆయుష్షు వేసుకుని, గడిచిన ఏళ్లకు తరుగు తీసేస్తారు.

మీ డబ్బులో నేలలోకి ఎంత పోతోంది, కట్టడంలోకి ఎంత పోతోంది అన్నది ఇంటి రకాన్ని బట్టి ఉంటుంది. అందుకే ఇళ్లు చూడ్డానికి బయల్దేరే ముందు ఇవి కాగితం మీద రాసుకోండి:

- ఎన్నేళ్లు ఉంచుకుంటారు? ఐదేళ్లా, పదిహేనేళ్లా?
- ఈఎంఐలో కొంతైనా అద్దెతో కట్టాలా, లేక అద్దె రాకపోయినా నడుస్తుందా?
- చేతిలో ఎంత ఉంది? ఆర్‌బీఐ నిబంధన ప్రకారం 75 లక్షలు దాటిన హోమ్‌లోన్‌కు ఇంటి విలువలో 75 శాతమే ఇస్తారు, 30 నుంచి 75 లక్షల లోన్‌కైతే 80 శాతం. రిజిస్ట్రేషన్ ఖర్చు మీరు వేరుగా పెట్టుకోవాలి.
- ఇంటిని చూసుకునేదెవరు? మీరు డాలస్‌లోనో బెంగళూరులోనో ఉండి, నాన్నగారు డెబ్బై ఏళ్ల వయసులో అద్దెలు వసూలు చేయాల్సి వస్తే నాలుగు పోర్షన్ల ఇల్లు మీకు సరిపడదు.
- రేపు కొనేదెవరు? ఉద్యోగస్తులైన జంటా, పెద్ద కుటుంబమా, కూలగొట్టి కట్టుకునే బిల్డరా?

చివరి ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. దానికి జవాబు దొరక్కపోతే ఆ ఇల్లు మీకెంత నచ్చినా పెట్టుబడిగా పక్కన పెట్టండి.

2. నేల వాటా లెక్క వేయండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన అంచె, కాబట్టి తీరిగ్గా చేయండి. ఫ్లాట్ కొంటే మీకు వచ్చే భూమి వాటాను యూడీఎస్ అంటారు, అంటే విభజించని వాటా. సేల్ డీడ్ చివర షెడ్యూల్లో "మొత్తం ఇన్ని చదరపు గజాలలో ఇన్ని గజాల అవిభాజ్య వాటా" అని ఉంటుంది. బ్రోచర్లో ఇది కనపడదు, అడిగి రాయించుకోవాలి.

లెక్క సులువే. యూడీఎస్ గజాలను ఆ వీధిలో ఖాళీ స్థలం గజం రేటుతో గుణించండి. వచ్చిన మొత్తం ఫ్లాట్ ధరలో ఎంత శాతమో చూడండి. గజం 80 వేలు అనుకుందాం:

- స్టాండలోన్ ఫ్లాట్, ధర కోటి, యూడీఎస్ 60 గజాలు. నేల విలువ 48 లక్షలు, అంటే 48 శాతం.
- గేటెడ్ హైరైజ్ ఫ్లాట్, ధర కోటి, యూడీఎస్ 28 గజాలు. నేల విలువ 22.4 లక్షలు, సుమారు 22 శాతం.
- ఇండిపెండెంట్ ఇల్లు, 150 గజాలు, ధర 1.6 కోట్లు. నేల విలువ 1.2 కోట్లు, 75 శాతం.

హైరైజ్‌లో వాటా ఎందుకింత తక్కువ? హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా ఎఫ్‌ఎస్‌ఐ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చో చెప్పే లెక్క) పరిమితి లేకుండా రోడ్డు వెడల్పు, స్థలం విస్తీర్ణం, చుట్టూ ఖాళీగా వదలాల్సిన సెట్‌బ్యాక్‌లను బట్టి ఎత్తుకు అనుమతిస్తూ వచ్చారు. అదే ఎకరంలో ముప్పై అంతస్తులు లేస్తే 4,840 గజాలను అన్ని ఫ్లాట్లూ పంచుకోవాలి.

అలాగని హైరైజ్ చెడ్డదనీ కాదు, నేల వాటా ఎక్కువుంటే చాలనీ కాదు. ఫ్లాట్‌లో మీ 60 గజాలను మీరొక్కరే అమ్ముకోలేరు. ఓనర్లంతా ఒప్పుకుని బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కు ఇచ్చిన రోజే ఆ వాటా పూర్తి విలువ చేతికొస్తుంది. అందుకే ఈ ఒక్క లెక్కతోనే ధర తేల్చేయకుండా, దీన్ని రెండు ఇళ్లను పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి వాడండి.

ఒక సరిచూపు కూడా ఉంది. మొత్తం స్థలంలో మీ వాటా ఎంతో, మొత్తం కట్టడంలో మీ ఫ్లాట్ విస్తీర్ణం సుమారు అంతే నిష్పత్తిలో ఉండాలి. 600 గజాల్లో ఒకే సైజువి పది ఫ్లాట్లుంటే తలా 60 రావాలి. 48 రాశారంటే మిగతాది ఎవరి పేరున ఉందో అడగండి. పైన ఇంకో అంతస్తో, పెంట్‌హౌసో వేసుకోవడానికి బిల్డర్ అట్టిపెట్టుకుని ఉండొచ్చు.

3. ఎస్‌ఎఫ్‌టీ రేటు నమ్మకండి, కార్పెట్ ఏరియాకు మార్చుకోండి

"అడుగు 6,500 సార్" అన్నప్పుడు ఆ అడుగు ఏమిటో తెలియాలి. మన దగ్గర చెప్పేది ఎక్కువగా సూపర్ బిల్టప్. అందులో మెట్లు, లిఫ్టు, కారిడార్, క్లబ్‌హౌస్ వాటా కూడా ఉంటాయి. రెరా (ఇళ్ల ప్రాజెక్టులను, బిల్డర్లను నియంత్రించే కేంద్ర చట్టం) ప్రకారం కార్పెట్ ఏరియా అంటే ఇంట్లో వాడుకోగలిగే నేల, లోపలి గోడలతో కలిపి. బయటి గోడలు, షాఫ్టులు, బాల్కనీ ఇందులోకి రావు.

1,500 అడుగులని చెప్పిన ఫ్లాట్‌లో కార్పెట్ 1,000 ఉంటే, కోటి రూపాయల ధరకు మీరు కొంటున్నది అడుగు 10,000 చొప్పున. పక్క అపార్ట్‌మెంట్‌లో 1,400 అని చెప్పి కార్పెట్ 1,050 ఇస్తుంటే, అదే కోటికి అడుగు 9,524 పడుతుంది. చిన్నదిగా కనపడిందే చవక. అద్దెకొచ్చేవాళ్లు, రేపు కొనేవాళ్లు గదుల సైజు చూస్తారు కానీ బ్రోచర్ అంకె చూడరు.

కార్పెట్ ఏరియా అగ్రిమెంట్‌లో అంకెల్లో ఉండాలి. నోటి మాట కుదరదు.

4. ఒక్కో రకానికీ ఏది విలువ పెంచుతుంది, ఏది తగ్గిస్తుంది

*స్టాండలోన్ అపార్ట్‌మెంట్.* స్టిల్ట్ (పార్కింగ్‌కు వదిలిన కింది అంతస్తు) ప్లస్ ఐదు అంతస్తులు, పదో ఇరవయ్యో ఫ్లాట్లు. నేల వాటా ఎక్కువ, మెయింటెనెన్స్ తక్కువ. దెబ్బ కొట్టేవి మూడు: పార్కింగ్, నీళ్లు, ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్. పెంట్‌హౌస్ చవగ్గా వస్తోందని ఎగబడతారు. మంజూరైన ప్లాన్‌లో లేకపోతే బ్యాంకులు లోన్‌కు వెనకాడతాయి, లోన్ రాని ఇంటిని రేపు కొనేవాళ్లు ఎక్కడో ఒకరిద్దరే ఉంటారు. ఇంకో విషయం, 500 చదరపు మీటర్ల లోపు, అంటే సుమారు 598 గజాల లోపు స్థలంలో కట్టే ప్రాజెక్టులకు రెరా రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఉంది. చిన్న అపార్ట్‌మెంట్ కొంటుంటే కాగితాలు మీరే రెట్టింపు జాగ్రత్తగా చూసుకోవాలి.

*గేటెడ్ హైరైజ్.* అద్దె బాగా వస్తుంది, తాళం వేసి వెళ్లిపోవచ్చు, విదేశాల్లో ఉండేవాళ్లకు సులువు. మీ ఫ్లాట్ విలువ మాత్రం అసోసియేషన్ చేతిలో ఉంటుంది. పదేళ్ల తర్వాత లిఫ్టులు మొరాయిస్తుంటే, స్విమ్మింగ్ పూల్ పాచిపట్టి ఉంటే, మీరు ఇంట్లో ఎంత బాగా ఉంచుకున్నా ధర పడిపోతుంది. కార్పస్ ఫండ్ (పెద్ద రిపేర్ల కోసం ఓనర్ల నుంచి ముందే వసూలు చేసిన నిధి) ఎంతుంది, అది అసోసియేషన్‌కు బదిలీ అయిందా, బిల్డర్ దగ్గరే ఉందా అడగండి. పక్కనే అదే బిల్డర్ ఇంకో రెండు వేల ఫ్లాట్లు కడుతుంటే మీ రీసేల్ ఫ్లాట్ కొత్తవాటితో పోటీ పడాలి, ఆ రెండు మూడేళ్లు ధర కదలదు.

*ఇండిపెండెంట్ ఇల్లు.* నేల మీది, నిర్ణయం మీది. విలువ గజాల మీదే కాదు, ముందు వెడల్పు మీద కూడా ఆధారపడి ఉంటుంది. 150 గజాలు అంటే 1,350 చదరపు అడుగులు. 30 అడుగుల ముఖం, 45 అడుగుల లోతు ఉంటే రెండు పోర్షన్లు హాయిగా వస్తాయి, కారు పెట్టుకోవచ్చు. అదే 150 గజాలు 20 అడుగుల ముఖంతో 67 అడుగుల లోతుకు సాగి ఉంటే మధ్య గదులకు వెలుతురు రాదు, పక్కల ఖాళీ వదిలితే మిగిలేది రైలు పెట్టెలాంటి ఇల్లు. గజం రేటు ఒకటే చెప్తారు, ఒప్పుకోకండి. ఇంటి ముందు రోడ్డు ఎంతో కూడా టేపుతో కొలవండి. రేపు ఎన్ని అంతస్తులకు అనుమతి వస్తుందో, రోడ్డు వెడల్పు చేస్తే మీ స్థలంలో ఎంత పోతుందో దాన్ని బట్టే తెలుస్తుంది.

*విల్లా.* నేల బాగానే వస్తుంది కానీ కొనేవాళ్లు తక్కువ, అమ్మడానికి నెలలు పడుతుంది. ట్రిప్లెక్స్‌లో మూడో అంతస్తు హోమ్ థియేటర్‌కు అడుగు లెక్కన డబ్బు కడతారు, అమ్మేటప్పుడు దానికి ఎవరూ ఆ రేటు ఇవ్వరు. కింద అంతస్తులో అటాచ్డ్ బాత్రూమ్‌తో ఒక బెడ్‌రూమ్ ఉందా చూడండి. ఇంట్లో పెద్దవాళ్లున్న కుటుంబాలు అది లేకపోతే గుమ్మంలోంచే వెనక్కి వెళ్తాయి.

*పాత పెంకుటిల్లు, మండువా లోగిలి.* కోస్తా పట్టణాల్లో ఇంకా అమ్మకానికి వస్తున్నాయి. ధర దాదాపు మొత్తం నేలదే. టేకు స్తంభాలు, ద్వారబంధాలు, దూలాలు ఉంటే వాటికి వేరే విలువ ఉంది, కొనే కలప వ్యాపారులున్నారు. రిజిస్ట్రేషన్‌కు ముందే అవి ధరలో కలిసున్నాయని రాయించుకోండి. ఇలాంటి ఇళ్లలో వారసులు ఎక్కువ, అందరి సంతకాలూ లేకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

*ఖాళీ ప్లాటు.* అద్దె రాదు, కాపలా ఉండాలి. హెచ్‌ఎండీఏ, డీటీసీపీ, సీఆర్‌డీఏ లాంటి ప్రభుత్వ ప్రణాళిక సంస్థల ఆమోదం ఉన్న లేఅవుటే కొనండి. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ ఎన్‌ఆర్‌ఐలు కొనడానికి ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధనలు ఒప్పుకోవు. ఫామ్‌ప్లాట్ల ప్రకటన చూసి బయానా పంపే ముందు ఇది గుర్తుంచుకోండి.

5. ఫేసింగ్, వాస్తు: మీ నమ్మకం వేరు, మార్కెట్ వేరు

మీరు వాస్తు నమ్మినా నమ్మకపోయినా, తెలుగు ఊళ్లలో కొనేవాళ్లలో ఎక్కువమంది నమ్ముతారు. తూర్పు, ఉత్తరం వేగంగా అమ్ముడవుతాయి, పడమర ఫర్వాలేదు, దక్షిణం ఆగుతుంది. ఇది ధరలో కనపడే సంగతి, వాదించి లాభం లేదు.

కాబట్టి అద్దె కోసమే కొంటూ చాలాకాలం ఉంచుకునేవాళ్లు దక్షిణం ఫేసింగ్ ఫ్లాట్‌ను తగ్గించి అడగొచ్చు. అద్దెకొచ్చేవాళ్లలో, ముఖ్యంగా బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లలో ఫేసింగ్ పట్టింపు తక్కువ. ఐదేళ్లలో అమ్మేయాలనుకుంటే మాత్రం దాని జోలికి పోకండి. తక్కువకు కొన్నది తక్కువకే పోతుంది, పైగా ఆలస్యంగా.

స్థలంలో చూడాల్సినవి: ఈశాన్యం తెగి ఉందా, నైరుతి పెరిగిందా, ఎదురుగా వీధి పోటు ఉందా. ఇంట్లో చూడాల్సినవి: వంటగది ఆగ్నేయంలో ఉందా, ఈశాన్యంలో టాయిలెట్ పడిందా, నైరుతిలో మాస్టర్ బెడ్‌రూమ్ వచ్చిందా. ఈశాన్యం టాయిలెట్ ఒక్కటి చాలు, పది మందిలో ఏడెనిమిది మంది కారణం చెప్పకుండానే వెళ్లిపోతారు.

బిల్డర్ వేసే అదనపు చార్జీల గురించి నా అభిప్రాయం: ఈస్ట్ ఫేసింగ్‌కు ఇచ్చిన అదనం చాలావరకు తిరిగొస్తుంది. పార్కు వైపు, కార్నర్ ఫ్లాట్‌కు ఇచ్చింది కొంత వస్తుంది. పై అంతస్తులకు వేసే ఫ్లోర్ రైజ్ చార్జీ రీసేల్‌లో రావడం కష్టం.

6. టేపు పట్టుకుని లోపలి ప్లాన్ చూడండి

మోడల్ ఫ్లాట్‌లో లైట్లు, అద్దాలు, చిన్న సైజు మంచాలు చూసి మురిసిపోకండి. ఖాళీ ఫ్లాట్ అడగండి, పదహారడుగుల టేపు, ఫోన్‌లో దిక్సూచి చాలు.

పార్కింగ్‌తో మొదలుపెట్టండి. ఎనిమిదడుగుల వెడల్పు, పదహారడుగుల పొడవు ఉందా? చాలా స్టిల్టుల్లో గీత వరకు ఎనిమిది ఉంటుంది కానీ పిల్లరు మధ్యలోకి వచ్చి తలుపు తెరుచుకోదు. మీ కారు అక్కడ పెట్టి, నాలుగు తలుపులూ తెరిచి, మళ్లీ బయటకు తీసి చూడండి. ఒక కారు వెనక ఇంకో కారు పెట్టే స్లాటైతే అది పూర్తి పార్కింగ్ కాదు, పక్కింటివాళ్లతో రోజూ తాళాల గొడవ ఉంటుంది. పార్కింగ్ నంబరు డీడ్‌లో రాకపోతే అది మీది కాదనే అనుకోండి.

లోపల చూడాల్సినవి:

- బెడ్‌రూమ్ కనీసం 10 x 11 అడుగులు ఉండాలి. అందులో ఆరడుగుల మంచం, వార్డ్‌రోబ్ పెట్టాక తలుపు పూర్తిగా తెరుచుకోవాలి.
- వంటింటి పక్కన వాష్ ఏరియా కావాలి. మన ఇళ్లలో గిన్నెలు, వాషింగ్ మెషీన్, గ్యాస్ బండ అన్నీ అక్కడే. ఇది లేని ఫ్లాట్‌ను గృహిణులు ఒక్క చూపులో తిరగ్గొడతారు.
- ఓపెన్ కిచెన్ ఫోటోల్లో బాగుంటుంది, పోపు ఘాటు హాల్లోకి వస్తుంది. తర్వాత తలుపు పెట్టుకునే వీలుందా చూడండి.
- పూజగది లేకపోయినా దాని కోసం ఈశాన్యంలో ఒక మూల ఉండాలి.
- పొడుగాటి కారిడార్ ఉందా? మూడున్నర అడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల పొడవు కారిడార్ అంటే 63 అడుగులు వృథా. అడుగు 10,000 చొప్పున అది 6.3 లక్షలు.
- డబుల్ హైట్ హాలు చూడముచ్చటగా ఉంటుంది కానీ ఒక గది పోయినట్టే, ఏసీ బిల్లూ పెరుగుతుంది.
- పడమర వైపు పెద్ద గాజు అద్దాలుంటే మధ్యాహ్నం మూడింటికి వెళ్లి ఆ గదిలో పది నిమిషాలు కూర్చోండి.

ఎలివేషన్ (ఇంటి ముందు భాగం) గురించి ఒక్క మాట. జాలీలు, క్లాడింగ్ (గోడకు బయట అంటించే పలకలు), రంగురంగుల ప్యానెళ్ల ఫ్యాషన్ ఏడెనిమిదేళ్లలో పాతబడుతుంది, పైగా నాసిరకంగా అంటించిన క్లాడింగ్ వెనక నీళ్లు దిగి గోడలు చెమ్మెక్కుతాయి. సాదాగా, ఎండకు సన్‌షేడ్లతో, గాలి ఆడే కిటికీలతో ఉన్న ఇల్లే ఎక్కువకాలం ధర నిలుపుకుంటుంది.

7. అద్దె లెక్క చేతికొచ్చే మొత్తం మీద వేయండి

పై గేటెడ్ ఫ్లాట్‌కు నెలకు 32,000 అద్దె అనుకుంటే ఏడాదికి 3.84 లక్షలు. ఒక నెల ఖాళీ తీసేయండి. పెయింటింగ్, చిల్లర రిపేర్లకు 15,000, ప్రాపర్టీ ట్యాక్స్‌కు 10,000 తీసేయండి. మిగిలేది 3.27 లక్షలు.

ఖర్చు వైపు కోటి ఒక్కటే కాదు. రిజిస్ట్రేషన్ ఏడున్నర లక్షలు, వార్డ్‌రోబ్‌లు, ఫ్యాన్లు, గీజర్లు, మెష్ తలుపులకు నాలుగు లక్షలు కలిపితే 1.115 కోట్లు. అంటే రాబడి 2.9 శాతం. ఏజెంట్ చెప్పే 3.84 శాతానికీ దీనికీ ఉన్న తేడా చూడండి. స్టాండలోన్ ఫ్లాట్‌కూ, పోర్షన్ల ఇంటికీ ఇదే లెక్క వేసి, రెండో అంచెలో వచ్చిన నేల శాతం పక్కన రాసుకోండి. రెండు అంకెలూ పక్కపక్కన ఉంటే మీకేది కావాలో చాలావరకు తేలిపోతుంది.

మెయింటెనెన్స్ ఎవరు కడతారో కూడా తేల్చుకోండి. 1,500 అడుగులకు అడుగుకు 4 రూపాయలైతే నెలకు 6,000. అద్దెకొచ్చేవాళ్లే కడతారు నిజమే, కానీ వాళ్లు మొత్తం బడ్జెట్ చూసుకునే వస్తారు కాబట్టి మెయింటెనెన్స్ పెరిగినప్పుడల్లా మీ అద్దె పెంచే వీలు తగ్గుతుంది. ఖాళీగా ఉన్న నెలల్లో మీరే కట్టాలి.

8. కాగితాలు: అడ్వాన్స్‌కు ముందే

ఇంటి రకం ఎంత బాగున్నా కాగితం సరిగ్గా లేకపోతే పైన వేసిన లెక్కలన్నీ వృథా. లాయరును మీరే పెట్టుకోండి, అమ్మేవాళ్లు చూపించినవాళ్లు వద్దు.

- లింక్ డాక్యుమెంట్లు (ఆస్తి ఒకరి నుంచి ఒకరికి చేతులు మారిన పాత పత్రాలు), 30 ఏళ్ల ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తనఖాలు చూపే సర్టిఫికెట్).
- 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) సర్వే నంబరు ఉందా.
- మంజూరైన ప్లాన్, కట్టినదానితో పోల్చి. ఎన్ని అంతస్తులు, ఎన్ని ఫ్లాట్లు?
- ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. తెలంగాణలో అపార్ట్‌మెంట్లకు అనుమతి ఇచ్చేటప్పుడు కట్టే విస్తీర్ణంలో 10 శాతం మునిసిపాలిటీకి తనఖా పెట్టించుకునే పద్ధతి ఉంది. మీరు కొంటున్న ఫ్లాట్ ఆ పది శాతంలో ఉండి, ఇంకా విడుదల కాలేదేమో చూడండి.
- చెరువు దగ్గరుంటే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు), దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్ జోన్ మ్యాపులు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, దానికన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్ వదలాలి. 2024 జులైలో హైడ్రా (హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలను తొలగించే సంస్థ) వచ్చాక లేక్‌వ్యూ అన్న మాట వినగానే మురిసిపోకుండా ముందు మ్యాపు తీయడం తప్పనిసరైంది.
- ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరిసరాల్లో కొంటుంటే ఆ ఊరు, జలాశయాల రక్షణకు కట్టడాల మీద ఆంక్షలు పెట్టిన 1996 నాటి 111 జీవో పరిధిలోని 84 గ్రామాల్లో ఉందా.
- కొత్త ప్రాజెక్టైతే రెరా నంబరు వెబ్‌సైట్‌లో మీరే కొట్టి చూడండి. అది రాకముందే రెరా పరిధిలోకి వచ్చే ప్రాజెక్టులో ప్రకటనలివ్వడం, అమ్మడం చట్టవిరుద్ధం. ప్రీలాంచ్ అనీ, యూడీఎస్ ముందే రిజిస్ట్రేషన్ చేస్తామనీ ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని కూడా రెరా చట్టంలోనే ఉంది. "అందరూ ముప్పై శాతం ఇచ్చారు సార్" అంటే లేచి వచ్చేయండి.

9. ధర మాట్లాడే ముందు పై హద్దు వేసుకోండి

పాత ఇల్లైతే ఇలా. 25 ఏళ్ల ఫ్లాట్, 1,200 అడుగులు, యూడీఎస్ 55 గజాలు. నేల 55 x 80,000 = 44 లక్షలు. ఇవాళ కొత్తగా కట్టడానికి అడుగుకు 2,000 అనుకుంటే 24 లక్షలు, 60 ఏళ్లలో మిగిలింది 35 కాబట్టి 14 లక్షలు. మొత్తం 58 లక్షలు. ఆ నేలను ఒంటరిగా అమ్ముకోలేరు కాబట్టి 58 మీ పై హద్దు. 65 అడుగుతుంటే ఆ ఏడు లక్షలు దేనికో వాళ్లే చెప్పాలి. స్కూలు పక్కనో, మెట్రో పక్కనో ఉండి అద్దె గట్టిగా వస్తుంటే కొంత ఇవ్వొచ్చు. ఇంటీరియర్ చేయించామంటే ఇవ్వొద్దు.

ధరకు కలపాల్సినవి:

- స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి రెండు రాష్ట్రాల్లోనూ సుమారు 7.5 శాతం.
- కట్టుబడిలో ఉన్న ఫ్లాట్‌కు జీఎస్టీ 5 శాతం, అఫర్డబుల్ పరిధిలోకి వస్తే 1 శాతం. కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ లేదు.
- 50 లక్షలు, ఆపైన ధరైతే కొనేవాళ్లే 1 శాతం టీడీఎస్ కోసి కట్టాలి. అమ్మేవాళ్లు ఎన్‌ఆర్‌ఐ అయితే రేటు చాలా ఎక్కువ, ఆడిటర్‌ను అడక్కుండా డబ్బు బదిలీ చేయొద్దు.
- రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను, ఆలోపు అమ్మితే మీ స్లాబు ప్రకారం. బయటపడే లెక్కలో ఇది కూడా వేసుకోండి.

10. కొన్నాక ఎక్కడ ఖర్చు పెట్టాలి

ముందు లీకేజీలు. బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్, పై అంతస్తైతే స్లాబు. తర్వాత పాత వైరింగ్, ఆపైన పెయింటు, మెష్ తలుపులు, మంచి కుళాయిలు. ఇవి అద్దెను పెంచుతాయి, ఇల్లు త్వరగా అద్దెకు వెళ్తుంది.

ఇటాలియన్ మార్బుల్, హాలంతా ఫాల్స్ సీలింగ్, ముదురు రంగు ప్యానెళ్లు అద్దె ఇంటికి వద్దు. కొత్త ఫ్లాట్‌లో గోడ పగులో, లీకేజీయో కనపడితే రిపేరుకు తొందరపడకండి. రెరా కింద స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలోపు బయటపడ్డ నిర్మాణ లోపాలను బిల్డరే ఉచితంగా, చెప్పిన 30 రోజుల్లో సరిచేయాలి. ఫోటోలు తీసి, ఈమెయిల్ పెట్టి, ఆ తర్వాతే గోడ ముట్టుకోండి.

11. తరచూ చేసే తప్పులు, వాటికి మందు

*బ్యాంకు లోన్ ఇచ్చింది కాబట్టి కాగితాలు సరిగ్గానే ఉన్నాయనుకోవడం.* బ్యాంకు తన అప్పుకు సరిపడా చూసుకుంటుంది. మీ లాయర్ ఒపీనియన్ వేరుగా తీసుకోండి.

*నీళ్ల సంగతి వర్షాకాలంలో చూడడం.* ఏప్రిల్, మే నెలల్లో వెళ్లండి. కుదరకపోతే వాచ్‌మన్‌ను, పక్క కిరాణా కొట్టువాళ్లను ఎండాకాలం రోజుకు ఎన్ని ట్యాంకర్లు వస్తాయో అడగండి. అసోసియేషన్ ఖర్చుల రిజిస్టర్‌లో ట్యాంకర్ల బిల్లు చూస్తే ఇంకా మంచిది.

*ఇండిపెండెంట్ ఇంటి మీద ప్లాన్‌కు మించి అంతస్తు వేసి అద్దె పెంచుకోవడం.* అద్దె వస్తుంది, కొనేవాళ్లకు లోన్ రాదు. ఇప్పటికే వేసినదాన్ని కొంటుంటే ఆ అంతస్తు విలువ సున్నా వేసి మాట్లాడండి.

*చేతిలో ఉన్నదంతా పెట్టి పెద్ద సైజు కొనడం.* ఒకే ప్రాజెక్టులో త్రీ బెడ్‌రూమ్ పెద్ద సైజు కన్నా, అందరికీ అందే ధరలో ఉన్న టూ బెడ్‌రూమ్, చిన్న త్రీ బెడ్‌రూమ్ త్వరగా కదులుతాయి. అవసరానికి అమ్మాల్సి వస్తే ఈ తేడా తెలుస్తుంది.

*గ్యారంటీ అద్దె స్కీములు.* ఇచ్చే అద్దె మీ ధరలో ముందే కలిపి ఉంటుంది. అదే ప్రాజెక్టులో స్కీము లేని ధర అడిగి పోల్చుకోండి.

12. చూడ్డానికి వెళ్లే రోజు చెక్‌లిస్ట్

- టేపు, దిక్సూచి, టార్చిలైటు, ఫోన్ ఛార్జర్ (ప్రతి ప్లగ్‌పాయింట్ పరీక్షించడానికి).
- ఒకసారి పగలు, ఒకసారి రాత్రి ఎనిమిదింటికి. పార్కింగ్ నిండాక ఎలా ఉందో అప్పుడే కనపడుతుంది.
- అన్ని కుళాయిలూ ఒకేసారి తిప్పి పై అంతస్తులో నీటి ఒత్తిడి చూడండి.
- బాత్రూమ్ వెనక గోడ మీద అరచేయి పెట్టి చెమ్మ చూడండి, కొత్తగా పెయింటు వేసి ఉంటే మరీ ముఖ్యంగా.
- అదే బిల్డింగ్‌లో అద్దెకుంటున్న ఇద్దరితో మాట్లాడి అద్దె ఎంత, మెయింటెనెన్స్ ఎంత, ఎందుకు ఖాళీ చేయాలనుకుంటున్నారో అడగండి.
- గత ఏడాది ఆ బిల్డింగ్‌లో అమ్ముడైన ఫ్లాట్ సేల్ డీడ్ ధర, యూడీఎస్ అసోసియేషన్ వాళ్లనడిగి రాసుకోండి.
- ఇల్లు నచ్చితే అక్కడికక్కడే టోకెన్ ఇవ్వకుండా డాక్యుమెంట్ల జిరాక్స్ సెట్ తీసుకుని వచ్చేయండి. ఆ సెట్ ఇవ్వడానికి వెనకాడేవాళ్ల దగ్గరికి రెండోసారి వెళ్లక్కర్లేదు.